పసుపు కాగితం మీద నా పొడి అక్షరాలు

2006 వేసవి. వనపర్తి బజారు వెనక సందులో మాది రెండు గదుల ప్రెస్సు. ముందు గదిలో కంప్యూటరు, ప్రింటరు, వచ్చినవాళ్లు కూర్చోవడానికి ఒక బెంచీ. వెనక గదిలో గద్వాల నుంచి తెచ్చుకున్న పాత ట్రెడిల్ మిషను, అంటే కాలితో తొక్కి అచ్చు వేసేది, దాని పక్కన సీసపు అక్షరాల కేసులు. పెళ్లి పత్రికలు, బిల్లు పుస్తకాలు, బడి ప్రశ్నపత్రాలు, జాతర కరపత్రాలతో మాకు రోజులు గడిచేవి. పుస్తకమనేది ఏడాదికి ఒకటి వస్తే పండగే. ఆ ఏడు వచ్చిన ఒక పుస్తకం గురించి చెబుతాను. ఈ పనిలో వేల కాగితాలు నా చేతుల మీదుగా పోయాయి. నిద్రలో లేపి అడిగినా గుర్తుకొచ్చేవి మాత్రం రెండే, ఆ రెండింటినీ రాసింది ఒకే మనిషి.

మా పని తెలియనివాళ్లకు ఒక ముక్క చెప్పాలి. ప్రూఫు దిద్దడం ఒక్కరితో అయ్యే పని కాదు. రాతప్రతిని పట్టుకుని ఒకరు పైకి చదవాలి, ఇంకొకరు అచ్చు కాగితం మీద కళ్లు పెట్టి తప్పులు పట్టాలి. చదివేవాళ్లను కాపీ హోల్డర్ అంటారు. కామా, ఫుల్‌స్టాప్, కొత్త పేరా, అన్నీ నోటితో చెప్పాలి. మా దగ్గర కాపీ హోల్డరు మణెమ్మ. వీపనగండ్ల దగ్గరి ఒక పల్లె పిల్ల. డీటీపీ, అంటే కంప్యూటరు మీద అక్షరాలు కొట్టి పేజీలు కట్టే పని, నేర్చుకుని ఇరవై ఏళ్లకే మా దగ్గర చేరింది. అప్పటికి నాలుగేళ్లయింది. నన్ను "కాకా" అనేది.

ఎండాకాలం పొద్దున పదకొండుకల్లా కరెంటు పోయేది. కంప్యూటరు చచ్చిపోగానే మణెమ్మ రెండు స్టూళ్లు గుమ్మం దగ్గరికి ఈడ్చి వెలుతురులో కూర్చునేది. పెళ్లి పత్రికను కూడా బడిపిల్లలు పద్యం అప్పజెప్పినట్టు చదివేది. "చి చుక్క, ల చుక్క, సౌ చుక్క, స్వరూప, కామా..." ఎదురుగా ఉన్న టైలరు మిషను ఆపి మరీ వినేవాడు. కరెంటు ఎప్పుడు పోతుందా అని ఎదురుచూసిన మనిషి వనపర్తిలో నేనొక్కణ్ణే అయి ఉంటాను. ఆ గొంతు వినడానికి. ఆ మాట అప్పుడు ఆమెతో ఎన్నడూ అనలేదు.

ఆ ఏప్రిల్‌లో అనంతయ్య సారు వచ్చాడు. బడి నుంచి రిటైరై రెండేళ్లయిన మనిషి. భుజానికి గుడ్డసంచి, కాళ్లకు దుమ్ము. మానవపాడు నుంచి అమ్రాబాదు దాకా ఊరూరూ తిరిగి, ఏ చెరువు ఎప్పుడు ఎండింది, ఏ ఊరి నుంచి ఎందరు మట్టిపనికి బొంబాయి పోయారు, కాలువ ఎక్కడిదాకా వచ్చి ఆగింది, అన్నీ రాసుకొచ్చాడు. పుస్తకం పేరు "మన ముంగటి నీళ్లు." అప్పట్లో ప్రత్యేక రాష్ట్రం మాట ప్రతి చాయ్ హోటల్లోనూ ఉడుకుతోంది. సభల్లో ఉపన్యాసాలు చాలానే విన్నాను. కానీ సారు రాసినట్టు ఎవరూ చెప్పలేదు. మొదటి పేజీలోనే ఇలా ఉంది: "కృష్ణ మన గడప ముందు నుంచే పోతుంది. మనం బొంబాయి పోతాం."

మణెమ్మ ఆ వాక్యం దగ్గర ఆగింది. "కాకా, గిది మా అన్న సంగతే," అంది. ఆమె అన్న అప్పటికి మూడేళ్లుగా పూణె దిక్కు కాలువలు తవ్వుతున్నాడు. ఇక్కడ కాలువలకు దిక్కు లేదు గానీ మనవాళ్లు దేశమంతా కాలువలు తవ్వుతారు.

ఆ పుస్తకం ఆమెకు ప్రాణమైపోయింది. తొలిసారి మొదటి అక్షరం నుంచి చివరి పేజీ దాకా తన చేతి మీద తయారవుతున్న పుస్తకం. సారు వారానికి రెండుసార్లు వచ్చి పక్కన కూర్చునేవాడు. "వీపనగండ్ల దిక్కు మీ ఊర్లో నేను రెండేండ్లు సారు పని చేసిన బిడ్డా, మీ అమ్మ పుట్టి పెరిగిన ఊరే గదా," అనేవాడు. ఒకరోజు, "నా పుస్తకానికి మొదటి పాఠకురాలివి నువ్వే. ముందుమాటల నీ పేరు రాస్త," అన్నాడు. ఆ సాయంత్రం మణెమ్మ ఊరికి ఫోను చేసి, ఆవిష్కరణ సభకు వాళ్లమ్మ బాలమ్మను తీసుకొస్తానని చెప్పింది. కొత్త చీర కట్టుకు రమ్మంది.

కథ అడ్డం తిరిగింది ప్రేమవల్లనే. పుస్తకం చివర "రచయిత ఇతర రచనలు" అని ఒక పేజీ ఉంటుంది. సారు తన కరపత్రాలు, చిన్న పుస్తకాలు నాలుగైదు చెప్పి, "ఇంతే, సాలు," అన్నాడు. మణెమ్మకు సాలలేదు. ఏ ప్రెస్సులోనైనా అచ్చేసిన ప్రతి కాగితానిదీ ఒక ప్రతి దాచుతారు, దాన్ని ఫైల్ కాపీ అంటారు. గద్వాలలో నేను పని నేర్చుకున్న ప్రెస్సు మూతపడ్డప్పుడు మిషనుతో పాటు ఆ కట్టలన్నీ నేనే తెచ్చుకున్నాను. చెదలు తినగా మిగిలినవి అటక మీద ఉన్నాయి. సారుకు తెలియకుండా పూర్తి జాబితా తయారుచేసి ఆయన్ను ఆశ్చర్యపరుద్దామని మణెమ్మ అటక ఎక్కింది. మూడు రోజులు దుమ్ములో తుమ్ముకుంటూ వెతికింది. నేను "ఏం పురాణాలు తవ్వుతున్నవే" అని ఎగతాళి చేశాను.

నాలుగో రోజు పొద్దున ఒక పసుపు కాగితం తెచ్చి నా బల్ల మీద పెట్టింది. 

1974 నాటి కరపత్రం. పేరు "గ్రామ శాంతికి విన్నపం." కింద అనంతయ్య సారు పేరు, ఉపాధ్యాయుడు అని. మణెమ్మ వాళ్ల ఊరి చేదబావి గురించి రాసింది. ఆ ఏడు దళితవాడలోని ఆడవాళ్లు ఊరిబావి దగ్గరికి కడవలతో వచ్చారట. అది తగదని, "పరిశుభ్రత యెరుగని చేతులు దిగిన నీరు త్రాగుట ఊరికి అనర్థము" అని, వాళ్లకు వేరే బావి "కాలక్రమమున" తవ్వించవచ్చని, అంతదాకా ఎవరి హద్దులో వాళ్లుండడమే ధర్మమని, చక్కని గ్రాంథికంలో రాశాడు. తిట్టు ఒక్కటి లేదు. తిట్టి ఉంటే నయమనిపించింది.

"మా అమ్మ చెప్తుండె," అంది మణెమ్మ. "ఎవరో పసుపు కాయితం ఏసిండంట. దాన్ని రచ్చబండ కాడ చదివిన్రంట. తెల్లారి బాయి కాడ మా అవ్వ కడవ, అమ్మ కడవ, అందరి కడవలు పలగ్గొట్టిన్రంట. అమ్మకప్పుడు పన్నెండేండ్లు. ఇగ అప్పట్నుంచి వాగుల చెలిమె తోడుకున్నరు. ఎవరు రాసిన్రని అడిగితే, మాకేం తెల్వాలె బిడ్డా, మాకు సదువొచ్చా అంటది."

 ఆమె కాగితం తిప్పి వెనకవైపు చూపించింది. మూలన పెన్సిలుతో "వెం" అని ఉంది.

"గిది ఎవరి చెయ్యి కాకా?"

ఫైల్ కాపీ వెనక, అక్షరాలు కూర్చిన కంపోజిటరు తన పొడి అక్షరాలు వేయాలి. తప్పు పడితే ఎవరిని తిట్టాలో యజమానికి తెలియడానికి పెట్టుకున్న పద్ధతి అది. వెం అంటే వెంకటయ్య, నేనే. అప్పుడు నాకు ఇరవై ఏళ్లు. ఆ కాగితం నాకు గుర్తుంది కూడా. ఒక్క తప్పు లేకుండా కూర్చానని యజమాని మెచ్చుకుని చాయ్ తాగించాడు. నాకు గుర్తున్నది ఆ చాయ్ మాత్రమే.

"నేను చదవలే మణెమ్మా," అన్నాను. "అక్షరాలు ఎదురుతిప్పి ఉంటయి. ఒత్తు పడ్డదా, గుడి పడ్డదా, లైను సక్కగొచ్చిందా, ఇదే చూస్తం. మాట మా తలకెక్కది."

"చేతులతోని ఒక్కొక్క అక్షరం ఏరిన్రు గదా," అంది. కోపంగా కూడా అనలేదు. ఆ మధ్యాహ్నం కరెంటు పోయింది. స్టూళ్లు గుమ్మం దగ్గరికి రాలేదు.

మర్నాడు నేనే కదిపాను. పుస్తకం సగంలో ఆగితే ప్రెస్సు మాట పోతుందన్న భయం ఒకటి, ఆమె ఎక్కడ లేచి పోతుందో అన్న భయం రెండోది. రెండోదే పెద్దది. "చూడు బిడ్డా, చెప్పే మాట నిజమా కాదా అనేదే చూడాలె. చెప్పినోని పాత చరిత్రతోని మనకేం పని? నీళ్లు రాలేదన్నది నిజం. సారు ఎసుంటోడైతే ఆ నిజం ఏడికి పోతది?"

"గట్లయితే పుస్తకం మీద పేరెందుకు కాకా? పేరు లేకుంట అచ్చేద్దాం."

 పేరు చూసే జనం పుస్తకం కొంటారని నాకంటే ఎవరికి బాగా తెలుసు? అనంతయ్య సారు రాశాడంటే నమ్ముతారు. నమ్మకానికి పనికొచ్చిన పేరు, లెక్క అడిగేటప్పుడు మాత్రం పనికిరాదంటే ఎట్లా?

"మరి ఆపేద్దమా?" అన్నాను.

కంప్యూటరు కేసి తిరిగింది. "ఆపితే మా అన్న సంగతి ఎవరు చెప్తరు? సారు రాసినంత మంచిగ ఎవరు రాసిన్రు? అదే కాకా నా పరేషాన్. రాత ఖరాబు లేదు."

ఎవరినైనా ద్వేషించడం సులువు. రాత బాగుండి, రాసినవాడి చేయి మన ఇంటి కడవ పగలగొట్టిందని తెలిసినప్పుడు ఏం చేయాలి? ఆ పిల్ల రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. నేను కూడా.

గురువారం సారు వచ్చాడు. కరెంటు లేదు. మణెమ్మ మామూలుగానే స్టూళ్లు వేసి, సారుకు కుర్చీ వేసి, "ఈ పొద్దు నేను సదువుత సార్, మీరు జర ఇనున్రి. మీదే కాపీ," అంది. సారు సంతోషంగా కళ్లద్దాలు తుడుచుకున్నాడు. ఆమె గొంతు సవరించుకుంది.

"గ్రామ శాంతికి విన్నపం, హెడ్డింగు, పెద్దక్షరాలు. కొత్త పేరా. మహాజనులారా, ఆశ్చర్యార్థకం. మన గ్రామమున గత కొన్ని దినములుగా, కామా..."

ఎప్పుడూ చదివే గొంతుతోనే చదివింది. ఎక్కడా తొట్రుపడలేదు, ఎక్కడా ఒత్తి పలకలేదు. "పరిశుభ్రత యెరుగని చేతులు" దగ్గర కూడా అంతే. సారు తుడిచిన కళ్లద్దాలను చేతిలోనే పట్టుకుని ఉండిపోయాడు. ఆపమనలేదు. నేనూ అనలేదు. చివరి ఫుల్‌స్టాప్ దాకా చదివి, రచయిత పేరు చదివి, కాగితం తిప్పి, "కంపోజింగు, వెం," అని కూడా చదివింది. తర్వాత, "కాపీ కరెక్టేనా సార్?" అని అడిగింది. పుస్తకం అచ్చుకు పోయేముందు మేం ప్రతి రచయితనూ అడిగే మాట అది.

సారు కళ్లద్దాలు పెట్టుకుని అన్నాడు. "కరెక్టే బిడ్డా. నేను రాసిందే." మళ్లీ, "ఇరవై ఎనిమిదేండ్లు అప్పుడు. ఊరి పెద్దలు అడిగిన్రు. బుద్ధి వాళ్లది, భాష మాత్రమే నాది అనుకున్న. అది అబద్ధం. నాది గూడ అదే బుద్ధి. తర్వాత మారిన. నన్ను నమ్ముతవో లేదో."

"మారిన్రని నాకు తెలుసు సార్. నా పక్క కూసొని నా గ్లాసుల నీళ్లు తాగుతున్రు గదా. మారినట్టు ఏడ రాసిన్రు?"

ఆమె మూడో అధ్యాయం ప్రూఫు తీసింది. ఒక వాక్యం కింద గీత గీసి ఉంది: "మన పల్లెల్లో దాహానికి కులం లేదు. బావి దగ్గర అందరం ఒక్కటే." పక్కన మార్జిన్‌లో ఎర్ర పెన్నుతో "అవుట్, సీ కాపీ" అని రాసింది. అది మా ప్రూఫు గుర్తు. ఇక్కడ కొంత మేటరు జారిపోయింది, అసలు రాతప్రతి చూసి చేర్చండి అని దాని అర్థం. కంపోజిటరు నిద్రమత్తులో నాలుగు లైన్లు వదిలేస్తే రాస్తాం.

"గిది కొట్టేటప్పుడే నా చెయ్యి జర ఆగింది సార్," అంది. "పెద్ద సారు రాసిండు గదా అని కొట్టేసిన. తప్పు నాది గూడ ఉన్నది. ఈ పసుపు కాయితం సూసినంక మొత్తం పుస్తకం మల్లొకసారి సదివిన. నూటా నలభై పేజీలల్ల మీరు రాసింది అంత నిజం. గీ రెండు లైన్లే నిజం కాదు. కాయితం సూడకుంటే నాకు గది తెల్వకపోవు."

సారు ప్రూఫు చేతిలోకి తీసుకున్నాడు.  "దీన్ని బయట పెట్టుమంటవా? ముంగట సభ ఉన్నది. రాష్ట్రం వద్దనే ఎదుటోళ్లు ఈ కాయితం పట్టుకుంటే ఇగ నీళ్ల మాట ఇడిసిపెడ్తరు, నా మాటే మాట్లాడుతరు. నా ఇజ్జత్ పోతే పోనీ. నీళ్ల సంగతి పోతది బిడ్డా. మీ అన్న సంగతి పోతది."

ఆయన మాటలో నిజం లేకపోలేదు. నేను ఇద్దరి మధ్య అడకత్తెరలో పోకచెక్కలా కూర్చున్నాను.

"మీరేం జేస్తరో మీ ఇష్టం సార్," అంది మణెమ్మ. "ఆ రెండు లైన్లు గట్లనే ఉంటె మాత్రం నేను పేజీలు కట్టను."

సారు ప్రూఫులన్నీ గుడ్డసంచిలో పెట్టుకుని లేచాడు. గుమ్మం దిగుతూ ఆమె తల మీద చేయి పెట్టబోయి ఆగిపోయాడు. ఆ చేయి అట్లా గాలిలో ఆగడం నాకిప్పటికీ కనబడుతుంది.

మూడు వారాలు ఆయన జాడ లేదు. నేను మణెమ్మ మీద లోలోపల కోపం పెట్టుకున్నాను, పైకి ప్రింటరును తిట్టాను. ఆమె పెళ్లి పత్రికలు కొట్టింది, చి చుక్క ల చుక్క చదివింది గానీ టైలరు మిషను ఆపే చదువు కాదది. మధ్యలో ఒకసారి, "అమ్మకు సభ లేదని చెప్పిన," అంది. వాళ్లమ్మ చీర కొనుక్కుందట అప్పటికే.

ఒక మధ్యాహ్నం సారు వచ్చాడు. చిక్కిపోయాడు. కూర్చోకుండానే, "మీ ఊరికి పోయొచ్చిన," అన్నాడు. "మీ అమ్మను కలిసిన."

మణెమ్మ లేచి నిలబడింది.

"పేరు చెప్పిన. పసుపు కాయితం నేనే రాసిన అని చెప్పిన. పొయ్యి కాడ కూసొని ఉండె. ఇటు తిరగలే. రొట్టె కాల్చుడు అయినంక అన్నది, 'నీ కాయితం నాకు సదువరాదు సారూ. కడవ పలిగిన సప్పుడు యాదికున్నది' అని. ఇంకేం అనలే. మంచినీళ్లు ఇచ్చింది, తాగిన. పూణెల ఉన్న కొడుకును ఫోన్ల అడిగి సభకు రమ్మంటే, ఎందుకు, వాని నెత్తి మీద ఇంకింత బరువెందుకు అన్నది." సారు భుజం మీది సంచి దించాడు. "బాయి కాడికి పోయి చూసిన బిడ్డా. ఎండింది. ముళ్లకంప, పాత చెప్పులు ఏసి పూడ్చిన్రు. అప్పుడు మేం ఎవ్వరినీ రానియ్యకుండ కావలి కాసిన నీళ్లు, ఇప్పుడు ఎవ్వరికీ లేవు."

సంచిలోంచి పదకొండు పేజీలు తీసిచ్చాడు. కొత్త అధ్యాయం, "చేదబావి." మణెమ్మ నిలబడే చదివింది, మనసులో. కామా, ఫుల్‌స్టాప్ వినబడలేదు. చదివి, కుర్చీలో కూర్చుని, కంప్యూటరు దగ్గరికి జరిగింది. ఒక్క అక్షరం మార్చకుండా కొట్టింది. ఆ రెండు వాక్యాలు పోయాయి. చివర అనుబంధంగా పసుపు కాగితాన్ని ఉన్నది ఉన్నట్టు వేయమని సారే అడిగాడు.

అక్కడ మళ్లీ ఆగింది. "అది నేను కొట్టను. మొదలు ఎవరు కూర్చిన్రో వాళ్లే కూర్చాలె," అంది.

నేను వెనక గదిలోకి పోయి కేసుల మీది దుమ్ము దులిపాను. ఏడేళ్లయింది స్టిక్కు పట్టి. స్టిక్కంటే ఎడమచేతిలో పట్టుకుని అక్షరాలు పేర్చుకునే ఇనుప పట్టె. చాలా అక్షరాలు అరిగిపోయాయి. 1974లో రెండు గంటల్లో కూర్చిన ఆ కాగితం కూర్చడానికి నాకు రెండు రోజులు పట్టింది. ఇరవై ఏళ్లప్పుడు వేళ్లు పరుగెత్తాయి, ఇప్పుడు ప్రతి మాటా తలకెక్కి కూర్చుంది. "పరిశుభ్రత" అని పేరుస్తుంటే, పొద్దున్నే ప్రెస్సు ఊడ్చి, బల్లలు తుడిచి, చేతులు సబ్బుతో కడుక్కుని గానీ కాగితం ముట్టని మణెమ్మ కళ్ల ముందుకొచ్చింది. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ మాట ఇప్పుడు దాచుకోవడంలో అర్థం లేదు.

ప్రూఫు తీశాక మణెమ్మ స్టూళ్లు వేసింది. "నేను సదవ. మీరు సదువున్రి కాకా, నేను దిద్దుత," అంది. ఇన్నేళ్లలో నేను కాపీ హోల్డరునవడం అదే మొదలు. చదివాను. సగం దాకా బాగానే పోయింది. "యెరుగని చేతులు" దగ్గర ఆగాను. మిగతాది గబగబా చదవబోయాను.

"కామా ఇడిసిపెట్టిన్రు కాకా," అంది మణెమ్మ, కాగితం మీంచి తల ఎత్తకుండా.

కామాతో సహా మళ్లీ చదివాను. ఆ ఒక్క మాటతో ఆమె నన్ను క్షమించిందో, శిక్షించిందో ఇప్పటికీ తేల్చుకోలేదు.

పుస్తకం ఆఖరి పేజీ ఆమే కట్టింది. ముందుమాటలో సారు రాసిన "మొదటి పాఠకురాలు మణెమ్మకు" అన్న లైను తీసేయించింది. దానికి బదులు వెనక అచ్చు వివరాల దగ్గర "అక్షర కూర్పు: మణెమ్మ" అని పెట్టుకుంది. "నా కింద గూడ ఒక లైను కొట్టు," అన్నాను. ఎందుకని అడగకుండా కొట్టింది: "అనుబంధం కూర్పు, అప్పుడూ ఇప్పుడూ: వెంకటయ్య."

ఆవిష్కరణ సభకు ఆమె రాలేదు. ముందురోజే చెప్పింది. "పుస్తకం మంచిగుంది కాకా. అందుకే తయారు చేసిన. ఇగ చప్పట్లు గూడ కొట్టుమంటే నాతోని కాదు." సారు భయపడ్డట్టే కొంత జరిగింది. ఒక యువకుడు లేచి, "ఇప్పుడీ పాత కాయితం ఎందుకు సార్, మన నోటితోని మనమే ఎదుటోళ్లకు మాట అందిస్తున్నం," అని కేకలేశాడు. సారు మైకు దగ్గరికి వచ్చి, "నీళ్లడగనీకె వచ్చినోడు, తాను ఎవరికి నీళ్లియ్యలేదో ముందు చెప్పాలె గదా నాయనా," అన్నాడు. కొందరు లేచిపోయారు. వెనక వరసలో కూర్చున్న ఆడవాళ్లలో ఒకామె మాత్రం అనుబంధం పేజీ తెరిచి పక్కామెతో చదివించుకుంటోంది. సభ అయ్యేదాకా సారు కళ్లు గుమ్మం మీదే ఉన్నాయి. నావి కూడా.

ఆ దసరా తర్వాత మణెమ్మ నాగర్‌కర్నూలు వెళ్లిపోయింది. అక్కడ సొంతంగా డీటీపీ పెట్టుకుంటానంది. తిట్టుకుని పోలేదు. పోయేముందు అటక మీది ఫైల్ కాపీలన్నీ ఏడాదుల వారీగా కట్టలు కట్టి, పేర్లు రాసి పెట్టింది. తర్వాత ఇద్దరు పిల్లలు పనికి వచ్చారు. బాగా కొడతారు. కరెంటు పోతే మాత్రం సెల్‌ఫోను చూసుకుంటారు.

2009లో కాగితం కొనడానికి నాగర్‌కర్నూలు పోయాను. ఒక సందులో ఆమె పేరుతో బోర్డు కనబడింది. అంతలోనే కరెంటు పోయింది. లోపలి నుంచి ఆ గొంతు వినబడింది, ఎవరో కొత్త పిల్లకు చదివి చూపిస్తోంది. "కొత్త పేరా. చి చుక్క, ల చుక్క, సౌ చుక్క..." లోపలికి పోతే కుర్చీ వేసేది, చాయ్ తెప్పించేది, కాకా ఎట్లున్నరు అనేది. కానీ నన్ను చూస్తే చదవడం ఆపేసేది. అందుకని ఎండలో గోడ వారన నిలబడి విన్నాను. కరెంటు వచ్చి లోపల ఫ్యాను తిరగగానే గొంతు ఆగింది. బస్టాండుకు వచ్చేశాను.

రాసినవాడి గతం రాతను కొట్టేస్తుందా అని ఈ పని తెలిసినవాళ్లు నన్ను అప్పుడప్పుడూ అడుగుతారు. కొట్టేయదు. రాతలో ఏ చోట ఏం జారిపోయిందో వెతకడానికి దారి చూపిస్తుంది, అందుకే దాన్ని చెదలకు వదిలేయకూడదు. ఇది నాకు నేర్పింది పుస్తకం రాసినాయన కాదు, దాన్ని కూర్చిన పిల్ల. నా పాఠం ఇంకా చిన్నది. ఇప్పుడు పెళ్లి పత్రికైనా, కరపత్రమైనా, ఫైల్ కాపీ వెనక నా పొడి అక్షరాలు వేసేముందు ఒకసారి మొత్తం పైకి చదువుతాను. గుమ్మం దగ్గర స్టూలు వేసుకుని, కామాలతో సహా. ఎదుటి స్టూలు ఖాళీగానే ఉంటుంది. అయినా వేస్తాను.